కాలేయ సంరక్షణ సేన

బ్లడ్ క్యాన్సర్ వచ్చిన ఇంట్లో మొదటి నెల అందరూ ఏడుస్తారు. రెండో నెల మొక్కులు మొక్కుకుంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి చుట్టపక్కాలంతా లివర్ స్పెషలిస్టులై కూర్చుంటారు. చదువు అక్కర్లేదు, ఎంట్రెన్స్ అక్కర్లేదు, హౌస్‌సర్జన్సీ అసలే అక్కర్లేదు. పిల్ల కాలేయ పరీక్ష, అదే ఎల్‌ఎఫ్‌టీ, రిపోర్టు ఫ్యామిలీ గ్రూపులోకి ఒక్కసారి వచ్చిందంటే చాలు, పట్టా చేతికొచ్చినట్టే.

ఆ రిపోర్టు ఎలా ఉంటుందో చూడండి. ఎడమ పక్క పరీక్ష పేరు, మధ్యలో అంకె, కుడి పక్క ఉండాల్సిన హద్దు. ఎస్‌జీపీటీ అన్నచోట 212. హద్దు 40. ల్యాబ్ కంప్యూటరుకు దయాదాక్షిణ్యాలు ఉండవు కనక ఆ 212ను లావుపాటి నల్లక్షరాల్లో కొట్టి, పక్కన పైకి చూసే బాణం గుర్తొకటి తగిలిస్తుంది. ఇంకో వరుసలో బిలిరుబిన్ 0.6 అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. దాని వంక ఎవ్వరూ చూడరు. డాక్టరు కళ్లు మాత్రం ముందు అక్కడికే పోతాయి. చూసి, “పర్లేదమ్మా, సిక్స్ ఎంపీ అలాగే వెయ్యండి, రెండు వారాలాగి మళ్లీ టెస్టు చేయిద్దాం” అంటాడు. ఫైలు మూసేస్తాడు. బయట బెంచీల మీద ఇంకా బోలెడంత మంది ఉంటారు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు మొదట్లో గట్టి కీమో అయ్యాక మెయింటెనెన్స్ అని ఒక సుదీర్ఘమైన దశ ఉంటుంది. రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్ (డాక్టరు నోట సిక్స్ ఎంపీ) మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. అంతా కలిపి వైద్యం రెండేళ్ల నుంచి మూడేళ్లు. ఈ రెండు మందుల భారమూ కాలేయం మీద పడుతుంది. ఆ దశలో ఎస్‌జీపీటీ లాంటి ఎంజైములు రెండొందలో మూడొందలో చూపించడం ఆ వార్డులో రోజూ ఉండేదే. చాలామందిలో మందులు ఆపాక వాటంతటవే దిగిపోతాయి. బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడితేనో, ఎంజైములు హద్దుకు పదింతలు, ఇరవయ్యింతలు దాటితేనో మోతాదు తగ్గిస్తారు, కొన్నాళ్లు ఆపుతారు. అంతదాకా రానప్పుడు మాత్ర ఆపకపోవడమే వైద్యం. అమెరికాలో ఈ మాత్రల డబ్బా మూతలకు ఎలక్ట్రానిక్ చిప్పులు పెట్టి, మూత ఎప్పుడెప్పుడు తీశారో లెక్కగట్టారు. 95 శాతం కన్నా తక్కువ మాత్రలు వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండింతలు దాటింది. క్యాన్సర్ పిల్లకి మాత్ర మానడం కన్నా 212 ప్రమాదం కాదని డాక్టరుకు తెలుసు.

కానీ ఇంటి దగ్గర విచారణ వేరే బెంచి మీద నడుస్తుంది.

“పర్లేదన్నాడా? 212 ఉంటే పర్లేదా? వదినా, ఆయన అసలు రిపోర్టు చూశాడా?”

“చూశాడమ్మా.”

“మందేమీ రాయలేదూ?”

“లేదు.”

“పోనీ టానిక్కు?”

“అదీ రాయలేదు.”

“ఇదేం డాక్టరు వదినా! మా పక్కింటాయనకి కడుపుబ్బరం అని పోతేనే లివర్ టానిక్ రాశారు.”

అంకె లావుగా అచ్చయితే దానికో సీసా ఉండి తీరాలి. మన రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు గాని, దేశంలో ఇంత నిష్ఠగా అమలయ్యే అధికరణం ఇంకొకటి లేదు. డాక్టరు ‘ఏమీ చేయనవసరం లేదు’ అని చెప్పడానికి పదేళ్లు చదివాడు. ఆ మాటకు ఫీజు కట్టడం మనకు మహా అవమానం.

అందుకని సేన కదులుతుంది.

పదాతి దళం మన పెరట్లోదే. నేల ఉసిరి దంచి తీసిన పసరు. దానికి ఆదివారమో గురువారమో, పొద్దున్నే, పరగడుపున అని ముహూర్తం కూడా ఉంటుంది. ఇచ్చే పెద్దమనిషి డబ్బు ముట్టుకోడు, కాబట్టి మందు కచ్చితంగా పనిచేస్తుందని ఊరి నమ్మకం. పత్యం సంగతి సరేసరి: ఉప్పు వద్దు, నూనె వద్దు, పప్పు వద్దు. కీమోతో నోరంతా పుళ్లై, అన్నం చూస్తేనే మొహం తిప్పుకుంటున్న ఆరేళ్ల పిల్లకి ఇక మిగిలింది చప్పిడి గంజి. దాని పక్కనే తిప్పతీగ కషాయం, ఇమ్యూనిటీ శాఖ తరఫున. బొప్పాయి ఆకు రసం డెంగీ రోజుల నుంచి ప్లేట్‌లెట్ల శాఖ చూస్తోంది. ఇప్పుడు కాలేయాన్ని అదనపు బాధ్యతగా తీసుకుంది. బాల్కనీ కుండీలో పెంచిన గోధుమ గడ్డిని మిక్సీ పట్టి, కాచకుండా, వడగట్టి తాగిస్తారు. తెల్లకణాల కౌంటు అడుగంటిన పిల్లకి పచ్చి కూర ముక్క కూడా పెట్టొద్దని వార్డులో నర్సు పదేపదే చెప్పి ఉంటుంది. గడ్డికి మాత్రం మినహాయింపు. గడ్డి సహజం కదా. మట్టిలోని సూక్ష్మజీవులు అంతకన్నా సహజమని ఎవరికీ తోచదు.

అశ్వదళం టై కట్టుకుని వస్తుంది. మన బంధువే, మొన్నటిదాకా ఎల్‌ఐసీ, అంతకుముందు చిట్టీలు. ఇప్పుడు నోని జ్యూసు. సోఫాలో ముందుకు జరిగి కూర్చుంటాడు.

“ఇది మందు కాదక్కా, ఫుడ్డు. మందైతే సైడ్ ఎఫెక్ట్ ఉంటుంది. ఫుడ్డుకి ఏముంటుంది?”

“మరి ఫుడ్డు లివర్ని ఎలా బాగు చేస్తుందిరా?”

“సెల్ లెవెల్లో పనిచేస్తుందక్కా.”

పిల్ల తండ్రి ఏమీ అనడు. ఆయన మెదడు ‘సెల్’ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. ఇలాంటి సమయంలో మనిషి దేనికైనా సంతకం పెడతాడని అశ్వదళానికి ట్రైనింగులోనే చెప్పి పంపుతారు. 2005లో ఆస్ట్రియా వైద్యులు ఇదే నోని రసం తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు రాశారన్న సంగతి మాత్రం ఆ ట్రైనింగులో రాదు.

ఇక విదేశీ దళం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనమామ, సూట్‌కేసులో బాదం పప్పుల పక్కన మూడు సీసాలు. మిల్క్ థిసిల్. అది మధ్యధరా ప్రాంతపు ముళ్ల మొక్క, ఊదారంగు పువ్వు. గింజల్లోంచి తీసిన సారం పేరు సిలిమారిన్. ఇదే సరుకు మన మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. అయినా అక్కడి సీసాకు విమానం ఎక్కిన గౌరవం ఉంది. పసరు ఇచ్చిన పెద్దమనిషిని నవ్వే మేనమామకు తన సీసాలోదీ చెట్టు సారమేనని ఎవరు చెప్తారు? సీసా మీద ఇంగ్లిషు ఉంటే అది పసరు కాదు, సైన్సు.

ఆ సీసాను ఓసారి చేతిలోకి తీసుకుని తిప్పండి. ముందు వైపు ఆకుపచ్చ ఆకు, దాని మీద మంచు బిందువు, కాలేయం బొమ్మ చుట్టూ కవచం. ‘లివర్ సపోర్ట్’, ‘డీటాక్స్’, ‘నూటికి నూరుపాళ్లు సహజం’. వెనక వైపు, కళ్లజోడు మార్చుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో: ఈ సరుకు ఏ జబ్బునూ గుర్తించడానికి గాని, నయం చేయడానికి గాని, రాకుండా ఆపడానికి గాని ఉద్దేశించింది కాదు. ఆ వాక్యం కంపెనీ వినయం కొద్దీ రాసింది కాదు. 1994లో అమెరికా తెచ్చిన సప్లిమెంట్ల చట్టం రాయించింది. ఆ చట్టం ప్రకారం సీసాను బజారులో పెట్టేముందు అది పనిచేస్తుందని ఎఫ్‌డీఏ ముందు రుజువు చేయనక్కర్లేదు. ‘సపోర్ట్’ అనొచ్చు, ‘చికిత్స’ అనకూడదు. అంతే కట్టడి. మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో తెచ్చిన నియమాలు కూడా ఇలాంటి సరుకుల మీద ‘ఔషధంగా వాడేందుకు కాదు’ అని వేయమంటాయి. వేస్తారు. చీమ తలకాయంత అక్షరాల్లో. సీసా ముందు భాగం రోగితో మాట్లాడుతుంది, వెనక భాగం కోర్టుతో మాట్లాడుతుంది. లోపలున్న గొట్టం మాత్ర ఎవరితోనూ మాట్లాడదు.

అక్షరాల సైజు అంటే గుర్తొచ్చింది. జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల మీద 1954 నుంచి మనకు మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. అందులో క్యాన్సర్ కూడా ఉంది. డెబ్బై ఏళ్లు అది బీరువాలో భద్రంగా ఉంది. 2024లో పతంజలి ప్రకటనల మీద సుప్రీంకోర్టు కన్నెర్రజేస్తే ఆ సంస్థ పత్రికల్లో క్షమాపణ వేయించింది. అప్పుడు ధర్మాసనం అడిగిన ప్రశ్న: మీ ప్రకటనలు ఏ సైజులో వేశారో క్షమాపణా అదే సైజులో ఉందా? మర్నాడు ఇంకాస్త పెద్ద క్షమాపణ అచ్చయింది. ఈ వ్యాపారం గురించి ఇంతకన్నా లోతైన ప్రశ్న ఏ వైద్య పత్రికా వేయలేదని నా అభిప్రాయం.

సరే, సేన గుమ్మంలోకి వచ్చింది. దాని నినాదం అందరికీ కంఠతా వచ్చు: “సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.”

రెండే దారులున్నాయి మరి. ఆ గొట్టం కాలేయంలో ఏమీ చేయకపోతే సైడ్ ఎఫెక్ట్ ఉండదు, నిజమే. అప్పుడు అసలు ఎఫెక్టూ ఉండదు, రెండు వేలు పోయాయి. ఏదైనా చేస్తుందనుకుంటే, అది చేసే చోటే కీమో మందులు విరిగేదీ, అరిగేదీ, బయటికి పోయేదీ. అక్కడికి కొత్తగా ఒకడొచ్చి కూర్చుంటే పాతవాళ్ల పని మారకుండా ఎలా ఉంటుంది? సగం మంది మేలు చేస్తుందంటారు, సగం మంది ఏ హానీ లేదంటారు. రెండూ ఒకే నోటితో చెప్పగలిగినవాడే డిస్ట్రిబ్యూటరు అవుతాడు.

పెద్దవాళ్లలో వచ్చే క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాను తీసుకోండి. దానికి ఇమాటినిబ్ మాత్ర. 2001లో వచ్చింది. నోవార్టిస్ ధర నెలకు లక్షకు పైన ఉండేది. హైదరాబాద్ నాట్కో లాంటి కంపెనీలు పది వేల లోపు ఇచ్చాయి. పేటెంటు పోరు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడింది. ఒక మాత్రను సామాన్యుడి జేబుకు దించడానికి దేశం అంత దూరం నడిచింది. ఆ మాత్ర వాడుతున్న ఇంట్లోకి ఇప్పుడు ఆ మాత్ర నుంచే కాలేయాన్ని కాపాడతానంటూ సీసా వచ్చి చేరింది. కొన్ని ఇళ్లలో మాత్ర కన్నా సీసాయే ఖరీదు.

ఈ ఇమాటినిబ్‌ను కాలేయంలో అరగదీసే ఎంజైము ఒకటుంది, సీవైపీ3ఏ4 అంటారు. మనసు తేలికపడుతుందని విదేశీ సీసాల్లో వచ్చే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఆ ఎంజైముకు కొరడా దెబ్బ. 2004లో ఆరోగ్యవంతులకు రెండూ ఇచ్చి చూస్తే రక్తానికి అందే ఇమాటినిబ్ దాదాపు 30 శాతం పడిపోయింది. అంటే నెలలో తొమ్మిది మాత్రలు డ్రైనేజీలో వేసినట్టు. మనిషికేమీ తెలియదు. కడుపులో నొప్పి లేదు, కళ్లు తిరగవు, నిజంగానే సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. జబ్బు మాత్రం తీరిగ్గా తిరిగొస్తుంది. ద్రాక్షపండు పేరు పెట్టుకున్న గ్రేప్‌ఫ్రూట్ దీనికి తలకిందులు. ఎంజైమును అణిచి మందును పెంచేస్తుంది. ఇంకో కేసు 2010లో అచ్చయింది: ఇరవై ఆరేళ్ల యువకుడు, ఏళ్ల తరబడి ఇమాటినిబ్ వేసుకుంటున్నాడు, కాలేయానికి ఏ ఇబ్బందీ రాలేదు. జిన్‌సెంగ్ కలిపిన ఎనర్జీ డ్రింకు రోజూ తాగడం మొదలెట్టిన మూడు నెలలకు కాలేయం దెబ్బతింది. డ్రింకు మానేశాక అదే మాత్ర అదే మోతాదులో మళ్లీ మొదలెడితే ఏమీ కాలేదు. దోషిగా బోనులో నిలబడింది మాత్ర. దొంగ బలానికని తాగిన డబ్బాలో ఉన్నాడు. మన ఇళ్లలో ఇలాంటి కేసు జరిగితే ఏమవుతుందో ఊహించండి. డ్రింకు కొనసాగుతుంది. మాత్ర ఆపేస్తారు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే చాలు, ఛాతీ విరుచుకునే తెలుగువాళ్లకు కొదవ లేదు. 1895లో భీమవరంలో పుట్టాడు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. మూలికల్ని చిన్నచూపు చూసిన మనిషి కాదు. తర్వాత అమెరికా పోయి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూకు, కొన్ని రకాల రక్తహీనతకు అది సంజీవని. ఒక విటమిన్. శుద్ధమైన, అమాయకమైన, ఆకుకూరల్లో ఉండే విటమిన్.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ విటమిన్ బంధువుల్ని లెడర్లీ నుంచి తెప్పించి ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. నెత్తురుకు మేలుచేసేది నెత్తురు జబ్బుకు మాత్రం ఎందుకు చేయదు? మన అశ్వదళం వాదం సరిగ్గా ఇదే. ఎముకమజ్జ తీసి చూస్తే జబ్బు ఇంకా జోరందుకుంది. క్యాన్సర్ కణానికీ విటమిన్ కావాలి. మనకన్నా ఆకలిగా కావాలి. చాలామంది ఆ దెబ్బతో సిగ్గుపడి ఊరుకునేవారు. ఫార్బర్, సుబ్బారావు తలకిందులుగా ఆలోచించారు: విటమిన్ జబ్బును పెంచితే, విటమిన్ వేషం వేసుకుని కణాన్ని మోసం చేసే మందు జబ్బును మాడ్చదా? అలా అమినోప్టెరిన్ వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది, కొన్ని నెలలపాటు. అప్పటిదాకా ల్యుకేమియా పిల్లకి రోజులు లెక్కపెట్టడం తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు. ఆ మందుకు తమ్ముడే మెథోట్రెక్సేట్, ఇవాళ మన పిల్ల వారానికోసారి మింగే మాత్ర.

అంటే ల్యుకేమియా వైద్యం అంతా మొదలైందే ఒక సప్లిమెంటు చేసిన కీడు నుంచి. ఆ కీడులోంచి మందు లాగిన చేతుల్లో ఒకటి భీమవరం వాడిది. ఆయన జయంతికి పూలదండ వేసి ఫొటో పెట్టిన గ్రూపులోనే, గంట తర్వాత ‘కీమో పిల్లలకు మల్టీవిటమిన్, ఫోలిక్ యాసిడ్ తప్పక ఇవ్వండి’ అని ఇంకో మెసేజీ వస్తుంది. ఫోలేట్‌ను అడ్డుకోవడమే పనిగా పెట్టుకున్న మాత్రను ఒక చేత్తో వేసి, రెండో చేత్తో ఫోలేట్ పోయడం. సుబ్బారావు గారిని ఇంత సమగ్రంగా సన్మానించడం మనకే చెల్లింది.

ఇందులో ఇంకో మెలిక. “మా అత్తయ్యకి కీళ్లవాతానికి ఇదే మెథోట్రెక్సేట్ ఇచ్చారు. దాంతో పాటు ఫోలిక్ కూడా రాశారు. పిల్లకి మీరు వేయట్లేదేం?” అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అత్తయ్య సంగతి నిజమే. కీళ్లవాతంలో తక్కువ మోతాదు, చంపాల్సిన కణమేదీ లేదు. అందుకే ఫోలిక్ తోడిచ్చి నోటి పుళ్లనూ కాలేయపు చిక్కులనూ తగ్గిస్తారు. ల్యుకేమియాలోనూ మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో సెలైన్‌లో ఎక్కించినప్పుడు ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు. అయితే గంటలు లెక్కబెట్టి, రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలిచి ఇస్తారు. అదే మందు, అదే విటమిన్, వేరే లెక్క. అత్తయ్య చీటీ చూసి పిల్లకి వైద్యం చేయడంలో ఉన్న ఇబ్బంది ఇదొక్కటే.

విటమిన్ ఏ సంగతి కూడా రెండు ముక్కల్లో: ప్రోమైలోసైటిక్ అనే రకం ల్యుకేమియాకు విటమిన్ ఏ తోబుట్టువైన అట్రానే మందు. దాని మీద కళ్లకు మంచిదని విటమిన్ ఏ గొట్టాలు కూడా వేస్తే అది పోషణ కాదు, విషం మోతాదు. దెబ్బతినే అవయవాల్లో కాలేయమూ ఒకటి.

పోనీ కాపలాకు వచ్చినవాళ్లు కనీసం చేతివాటం లేనివాళ్లా అంటే, కంచే చేను మేసిన చరిత్ర ఈ సేనలో ప్రతి దళానికీ ఉంది. కరోనా రోజుల్లో ఇంటింటా తిప్పతీగ మరిగింది. 2022లో దేశంలోని 13 వైద్య కేంద్రాలు కలిసి తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది కేసులు ప్రచురించాయి. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఒప్పుకోదు కూడా. గ్రీన్ టీ సారంలోని ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. పసుపు సంగతి మరీ విడ్డూరం. రసంలో చిటికెడు పసుపు తిని ఏ అవ్వకూ కాలేయం పోలేదు. అదే పసుపును పిండి, కుర్కుమిన్ తీసి, ఒంటికి బాగా పట్టడానికని మిరియాల సారం కలిపి గొట్టంలో కుక్కితే ఇటలీలో 2019లో హెపటైటిస్ కేసులు వరసగా బయటపడ్డాయి, అమెరికాలోనూ వచ్చాయి. ఒంటికి పట్టనందుకే ఇన్నాళ్లూ క్షేమంగా ఉన్నాం. పట్టేలా చేసి అమ్ముతున్నారు. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని నమోదు చేసే నెట్‌వర్కు లెక్కలో 2004 ప్రాంతంలో సప్లిమెంట్ల వాటా 7 శాతం, పదేళ్లు తిరిగేసరికి 20 శాతం. కాలేయాన్ని కాపాడే సరుకు ఈ వేగంతో కాలేయాల్ని కబళిస్తుంటే, రేపు సప్లిమెంట్ల నుంచి కాలేయాన్ని కాపాడే సప్లిమెంటు రావడం ఖాయం. పేరు కూడా ఈపాటికి రిజిస్టరు అయ్యే ఉంటుంది.

ఇంతా తిట్టి మిల్క్ థిసిల్‌కు న్యాయం చేయకపోతే పాపం. ఈ మొత్తం సేనలో ల్యుకేమియా పిల్లల కాలేయం మీద పరీక్ష హాల్లోకి వెళ్లి కూర్చున్నట్టు నాకు తెలిసినవాడు వాడొక్కడే. 2010లో ‘క్యాన్సర్’ పత్రికలో అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం: లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు మెయింటెనెన్స్‌లో ఉండి కాలేయ ఎంజైములు పెరిగిన 50 మంది పిల్లలు. కొందరికి మిల్క్ థిసిల్, కొందరికి ఉత్త గొట్టం, ఎవరికేది ఇచ్చారో డాక్టరుకూ తెలియదు, తల్లికీ తెలియదు. 28 రోజులు ఇచ్చారు. 56వ రోజున చూస్తే మిల్క్ థిసిల్ వేసుకున్నవాళ్లలో ఏఎస్‌టీ ఎంజైము తక్కువగా ఉంది, ఏఎల్‌టీ, అంటే మన ఎస్‌జీపీటీయే, తగ్గే మొగ్గు చూపింది. హాని కనపడలేదు, కీమోకు అడ్డం పడిన దాఖలా లేదు. వాళ్లు చెప్పింది: ఆశాజనకం, ఇంకా పెద్ద పరీక్ష జరగాలి. మర్యాదస్తులు చెప్పే మాట. పెగాస్పార్గేజ్ అనే ఇంకో ల్యుకేమియా మందు వల్ల కామెర్లు వచ్చిన కొందరికి ఎల్-కార్నిటిన్ అనే సప్లిమెంటు ఇచ్చి చూసిన డాక్టర్లూ ఉన్నారు. అదీ ఆస్పత్రిలో, కొలుచుకుంటూ.

యాభై మంది పిల్లలు, నెలరోజులు, ‘ఇంకా చూడాలి’. ఈ మూడు మాటలు సముద్రం దాటి మన గ్రూపులోకి వచ్చేసరికి ‘అమెరికాలో ప్రూవ్ అయింది’. ఆ పరీక్షలో వాడిన సరుకు ఏ పాళ్లలో ఉందో పరిశోధకులకు తెలుసు. మన చేతిలో సీసాలో ఏముందో తయారుచేసినవాడికైనా తెలుసో లేదో.

అయినా సాక్షులు ఉండనే ఉంటారు. “మావాడికి వేశాం, పదిహేను రోజుల్లో 212 కాస్తా 90కి దిగింది!” దిగుతుంది. మెయింటెనెన్స్‌లో ఆ అంకె ఎవరినీ అడక్కుండా ఎక్కుతుంది, ఎవరికీ చెప్పకుండా దిగుతుంది. పైగా అదే వారం డాక్టరు మాత్ర అరకు తగ్గించి ఉంటాడు. కాకి వాలడం, తాటిపండు పడటం. దిగినప్పుడు సీసా పేరు. ఎక్కినప్పుడు కీమో పేరు. ఇలాంటి ఉద్యోగం దొరికితే ఎవరు వదులుకుంటారు?

అసలు పని జరిగే చోట ఇంత హడావుడి ఉండదు. 6-ఎంపీ ఒంట్లో రెండు రకాలుగా విరుగుతుంది. ఒకటి క్యాన్సర్ కణాన్ని పట్టుకునే ముక్క, రెండోది కాలేయాన్ని ఏడిపించే ముక్క. కొంతమందిలో రెండోది ఎక్కువ తయారవుతుంది. అలాంటి పిల్లల్లో కొందరికి 6-ఎంపీ మోతాదును పావు, మూడో వంతుకు తెగ్గోసి, గౌట్ జబ్బుకు వాడే అల్లోప్యూరినాల్ అనే చవక మాత్రను జత చేస్తారు. దారి మళ్లుతుంది, కాలేయం ఊపిరి పీల్చుకుంటుంది. ఇదే అల్లోప్యూరినాల్‌ను 6-ఎంపీ తగ్గించకుండా ఇస్తే రక్తకణాలు కుప్పకూలి ప్రాణం మీదికొస్తుంది. ఇది డాక్టరు చేతిలోనే ఉండాల్సిన తాళం. టీపీఎంటీ, నూడ్‌టీ15 అనే జన్యువుల్లో తేడాలుంటే మామూలు మోతాదే ఎక్కువైపోతుంది. రెండోదానిలో తేడాలు ఆసియా జనాల్లో ఎక్కువ. మోతాదు సర్దడం, టెస్టు చేయడం, కొన్నాళ్లు ఆగడం, అంతే. దీనికి ప్రకటన ఎవరిస్తారు? ‘అర మాత్ర తగ్గించాం’ అన్న వాక్యానికి కమిషన్ రాదు.

తిండి సంగతీ అంతే. పిల్లకి నిజంగా పోషణ కావాలి, చాలా కావాలి. బక్కచిక్కిన ఒళ్లు కీమోను తట్టుకోవడం కష్టమని వార్డులో అందరికీ తెలుసు. ఉడికించిన గుడ్డు, మెత్తటి పప్పన్నం, నెయ్యి, అరటిపండు, కాచిన పాలు. ఆ సీసా డబ్బుతో నెల్లాళ్ల గుడ్లొస్తాయి. కానీ గుడ్డు మీద కవచం బొమ్మ ఉండదు. గుడ్డు తెచ్చిన మేనమామను ఎవరూ ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకురారు.

డాక్టర్లను వదిలేశాననుకోకండి. లివర్ టానిక్ అనే సంప్రదాయాన్ని ఈ దేశంలో నిలబెట్టింది పసరు మందు పెద్దమనిషి కాదు, తెల్లకోటే. కడుపుబ్బరానికి ఒకటి, ఆకలి లేకపోతే ఒకటి, ఏమీ లేకపోతే ‘సపోర్టుకి’ ఒకటి అని తరతరాలుగా చీటీ చివర గీకుతూ వచ్చారు. సీసా లేని చీటీ అసంపూర్ణమని జనానికి నేర్పింది వాళ్లే. ఇప్పుడు క్యాన్సర్ డాక్టరు ‘ఏమీ వద్దు’ అంటే నమ్మమంటే ఎలా నమ్ముతారు? అదీగాక, ‘ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా?’ అన్న ప్రశ్న అడగడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లు ఓపీలో దొరకవు. ఒకవేళ అడిగినా గొంతులో విసుగు ఉంటుంది. తల్లి “ఏం లేదు సార్” అంటుంది. ఆమె సంచిలో పసరు సీసా చల్లగా నిద్రపోతుంటుంది. తర్వాత ఎస్‌జీపీటీ 900కు ఎగిరితే డాక్టరు ఏ మాత్రను అనుమానిస్తాడు? తనకు తెలిసిన మాత్రనే. దాన్ని ఆపుతాడు. అలా ఇంటివాళ్లు భయపడి ఆపినా, డాక్టరే తెలియక ఆపినా, లాభం ఎవరికో మీకు తెలుసు. జబ్బుకు.

కాబట్టి ఒక్క మనవి. ఇంట్లో ఎవరైనా ల్యుకేమియా మందులు వాడుతుంటే, ఈసారి ఓపీకి వెళ్లేటప్పుడు పసరు, కషాయం పొడి, నోని, పసుపు గొట్టాలు, డాలస్ సీసా అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, తిడితే పడండి. ఆయన అడగకపోయినా పెట్టండి. ఆయన చూసి ఏది పక్కన పెట్టమంటే అది అక్కడే వదిలేసి రండి. 6-ఎంపీని మాత్రం ఆయన ఆపమనే దాకా ఎవరు చెప్పినా ఆపకండి.